మొదటి విల్లు ఎలా ఉండాలి?

అమెరికాలో జింక వేటకు విల్లు ఎంచుకునే పద్ధతి - మన కుర్రకారు తెలుసుకోవలసిన చట్టం

తుపాకులకు పేరుపడ్డ అమెరికాలో ఈనాటికీ విల్లంబులతో వేటాడేవారు లక్షల సంఖ్యలో ఉన్నారంటే మన పల్లెల్లో పెద్దలు ఒక పట్టాన నమ్మరు. కాని అది నిజం. అక్కడ ఎండలు తగ్గి ఆకులు రంగు మారే రోజులు రాగానే రైతులు, కార్మికులు, ఉద్యోగస్థులు, కాలేజీ చదివే ఆడపిల్లలు సైతం విల్లు పట్టుకుని జింకల వేటకు బయలుదేరుతారు. ప్రభుత్వమే ఇందుకు లైసెన్సు ఇస్తుంది. ఎన్ని రోజులు వేటాడవచ్చో, ఒక్కొక్కరు ఎన్నింటిని కొట్టవచ్చో, ఎలాంటి విల్లు వాడాలో కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

ఈ వేట బొమ్మలు ఇప్పుడు సెల్‌ఫోన్లలో మన ఊళ్ళకూ చేరాయి. వాటిని చూసి మనమూ ఒక విల్లు తెప్పించుకుంటే పోలేదా అని ముచ్చటపడే కుర్రాళ్ళూ లేకపోలేదు. అందువల్ల రెండు సంగతులు తెలియాలి. అక్కడివారు మొదటి విల్లును ఎలా ఎంచుకుంటారన్నది ఒకటి. అదే విల్లును ఇక్కడ జింకపై ఎక్కుపెడితే ఏమవుతుందన్నది రెండవది.

ఆదివాసి నేర్పిన విద్య

అమెరికాలో తెల్లవారి విల్లువేటకు గురువు ఒక ఆదివాసి. కాలిఫోర్నియా కొండల్లో యాహి అనే తెగ తెల్లవారి దాడులకు నశించిపోగా, మిగిలిన ఆఖరి మనిషి 1911లో ఓరోవిల్ అనే ఊరి దగ్గర ఆకలితో జనం కంటబడ్డాడు. అతనికి ఇషి అని పేరుపెట్టారు. యాహి భాషలో ఆ మాటకు అర్థం 'మనిషి' అనే. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతనికి వైద్యం చేసిన డాక్టరు సాక్స్‌టన్ పోప్ అతని వద్దే విల్లు చేయడం, బాణం చెక్కడం, మాటు వేయడం నేర్చుకున్నాడు. 1916లో ఇషి క్షయవ్యాధితో మరణించాడు. పోప్ ఆ విద్యనంతా గుదిగుచ్చి 1923లో ఒక గ్రంథం ప్రచురించాడు. దాన్ని చదివినవారు విల్లువేటకు దిగారు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం తుపాకీ లేకుండా విల్లుతోనే జింకలను వేటాడే ప్రత్యేక సీజనును తొలిసారి అనుమతించింది. తరువాత ఒక్కొక్క రాష్ట్రమే ఆ దారి పట్టింది.

వేట అంటే జింకలు అంతరించిపోవా అన్న ప్రశ్న రావచ్చు. ఒకప్పుడు అక్కడా అదే జరిగింది. మాంసానికి, చర్మానికి అదుపు లేకుండా కొట్టడంతో 20వ శతాబ్ది మొదటికి తెల్లతోక జింకలు దేశం మొత్తం మీద 5 లక్షలకు మించి లేవని అంచనా. అప్పుడు మేల్కొని మాంసం అమ్మకాన్ని నిషేధించారు, సీజన్లు పెట్టారు. 1937లో వచ్చిన చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసిన సుంకాన్ని వన్యప్రాణుల సంరక్షణకే ఖర్చు చేయడం మొదలుపెట్టారు. 1972లో విల్లంబులను కూడా ఆ సుంకం కిందికి తెచ్చారు. నేడు ఆ జింకలు సుమారు 3 కోట్లు ఉంటాయని అంచనా. తోడేళ్ళు, కొండసింహాలు చాలా ప్రాంతాల్లో లేకుండా పోవడంతో జింకలు పెరిగి, మొక్కజొన్న, సోయా చేలల్లో పడుతున్నాయి. రోడ్ల మీద కార్లకు అడ్డం వస్తున్నాయి. తుపాకీ పేల్చడానికి వీలులేని ఊరి పొలిమేరల్లో వాటి సంఖ్య తగ్గించడానికి విల్లునే అనుమతిస్తున్నారు.

మూడు రకాల విళ్ళు

కొత్తగా వేటకు దిగేవాడి ముందు ముఖ్యంగా మూడు రకాల విళ్ళు ఉంటాయి.

మొదటిది నిలువు విల్లు. ఒకే కర్రను వంచి నారి బిగించినది. మన చెంచుల విల్లు, కోయల విల్లు ఈ జాతివే. రెండవది రికర్వ్. దీని కొనలు ముందుకు తిరిగి వంపుగా ఉంటాయి. అదే బలానికి నిలువు విల్లు కంటే బాణాన్ని వేగంగా పంపుతుంది. ఒలింపిక్సులో ఇంతవరకు మనం చూసినది ఈ విల్లే.

మూడవది కాంపౌండ్ విల్లు. మిసోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ దీన్ని కనిపెట్టి 1969లో పేటెంటు పొందాడు. దీని రహస్యం మన నూతి గిలకలో ఉన్నదే. విల్లు రెండు కొనలకు గిలకలు అమర్చి వాటిమీదుగా నారిని నడిపారు. ఆ గిలకలు గుండ్రంగా కాక ఒకవైపు ఉబ్బి ఉండటం వల్ల, లాగేటప్పుడు మొదట బరువు పూర్తిగా తెలిసి, చివరికి వచ్చేసరికి ఒక్కసారిగా తేలికవుతుంది. ఉదాహరణకు 60 పౌన్ల విల్లు, అంటే సుమారు 27 కిలోలు, పూర్తిగా లాగి పట్టుకున్నాక చేతిమీద ఉండే బరువు 12 పౌన్లే. నూటికి 75 నుంచి 85 వంతుల దాకా బరువు తగ్గే విళ్ళు సాధారణం. జింక అడుగు ముందుకు వేసేదాకా నారి లాగి ఓపికగా నిలబడటానికి ఇదే ఆధారం.

వేగంలోనూ తేడా ఉంది. రికర్వ్ విల్లు బాణం సెకనుకు 150 నుంచి 190 అడుగుల దాకా పోతే, కాంపౌండ్ విల్లు బాణం 250 నుంచి 300 అడుగులు, కొన్నిట అంతకు మించి పోతుంది. అందుకే అక్కడ ఎక్కువ మంది మొదటి విల్లుగా కాంపౌండ్‌నే కొంటారు. రికర్వ్‌తో వేటాడాలంటే ఏడాది పొడుగునా సాధన చేయాలి. 20 గజాలు దాటి బాణం వేయకుండా మనసును అదుపులో పెట్టుకోవాలి.

ముందు కన్ను చూసుకోవాలి

విల్లు కుడిచేతిదా, ఎడమచేతిదా అన్నది ముందుగా తేలాలి. దీన్ని చెయ్యిని బట్టి కాక కన్నును బట్టి తేల్చడం మంచిది. రెండు చేతులూ చాచి, బొటనవేళ్ళు, చూపుడువేళ్ళ మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న ఒక చెట్టునో గుడి శిఖరాన్నో చూడాలి. తరువాత ఒక్కొక్క కన్నే మూయాలి. ఏ కన్ను తెరిచినప్పుడు చెట్టు సందులోనే నిలుస్తుందో ఆ కన్ను ఏలుబడి కన్ను. కుడికన్ను ఏలితే కుడిచేత్తో నారి లాగే విల్లు, ఎడమకన్ను ఏలితే ఎడమచేత్తో లాగే విల్లు తీసుకోవాలి. ఇది చూసుకోకుండా కొన్నవారి బాణాలు ఎంత సాధన చేసినా పక్కకే పోతుంటాయి.

రెండవ కొలత నారిని ఎంతవరకు లాగాలన్నది. రెండు చేతులూ బారచాచి ఒక కొన నుంచి మరో కొనకు అంగుళాల్లో కొలిచి దాన్ని రెండున్నరతో భాగిస్తే సుమారుగా ఆ కొలత వస్తుంది. బార 70 అంగుళాలైతే లాగే కొలత 28 అంగుళాలు. కాంపౌండ్ విల్లులో ఈ కొలత విల్లులోనే అమర్చి ఉంటుంది. కొలత ఎక్కువైతే మెడ వెనక్కి వాలి, నారి మోచేతికి కొడుతుంది. అన్న విల్లు తమ్ముడికి, మొగుడి విల్లు పెళ్ళానికి సరిపడకపోవడానికి కారణం ఇదే.

రికర్వ్ విల్లు మీద రాసిన బరువు 28 అంగుళాలు లాగినప్పటిది. పొట్టివాడు 26 అంగుళాలే లాగితే అంగుళానికి రెండు, రెండున్నర పౌన్ల చొప్పున తగ్గుతుంది. 40 పౌన్లని రాసి ఉన్న విల్లు అతని చేతిలో 35 పౌన్లదే అవుతుంది.

బలం చూపించుకోవడం కాదు

కొత్తవారు చేసే మొదటి పొరపాటు బరువు విల్లు కొనడం. పక్కవాడు 70 పౌన్లు లాగుతున్నాడంటే తానూ అంతే లాగాలనుకుంటారు. కోడెదూడకు మొదటిరోజే ధాన్యం బండి కట్టే రైతు ఉండడు. విల్లు విషయంలో మాత్రం ఆ ఇంగితం మరిచిపోతారు.

అనేక రాష్ట్రాల్లో జింకకు చట్టం అడిగే కనీస బరువు 30 నుంచి 40 పౌన్లు. పదునైన ములికి, తగిన బాణం ఉంటే దగ్గర దూరంలో 40 పౌన్ల విల్లు జింకకు చాలు. మగవాళ్ళు 40 నుంచి 50 పౌన్లతో, ఆడవాళ్ళు, ఎదిగే పిల్లలు 30 నుంచి 40 పౌన్లతో మొదలుపెట్టడం మంచిది. రికర్వ్ నేర్చుకునేవారు 25, 30 పౌన్లతో పద్ధతి కుదిరాక పై బరువుకు పోవాలి. ఇప్పటి కాంపౌండ్ విళ్ళలో మరలు తిప్పి బరువు పెంచుకునే వీలున్నవి చాలా ఉన్నాయి. పిల్లవాడు ఎదిగేకొద్దీ అదే విల్లు సరిపోతుంది కనుక మొదటి విల్లుగా అలాంటిది కొంటే డబ్బు దండగ కాదు.

బరువు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, విల్లును గురికి ఎదురుగా నిలిపి నారి లాగాలి. విల్లును ఆకాశానికి ఎత్తితేగాని లాగలేకపోతే ఆ విల్లు బరువైనది. లాగిన తరువాత అర నిమిషం చెయ్యి వణకకుండా పట్టుకుని, నారిని మెల్లగా యథాస్థానానికి తేగలగాలి. చలిలో మూడు గంటలు మంచె మీద కూర్చున్న తరువాత కూడా ఇంత తేలికగా లాగగలనా అని తన్ను తాను ప్రశ్నించుకోవాలి. జింక 20 గజాల్లో ఉండగా చేతులు గాలిలో ఆడించేవాడికి అది దొరకదు.

బాణం లేకుండా లాగిన నారిని ఎన్నడూ ఒక్కసారిగా వదలరాదు. బాణం మోసుకుపోవలసిన బలమంతా విల్లులోకే తిరిగి వచ్చి కొనలు పగులుతాయి, నారి తెగుతుంది. కంటికి, ముఖానికి గాయమయ్యే ప్రమాదం ఉంది.

బాణమే అసలు ఆయుధం

విల్లుకు పెట్టిన శ్రద్ధ చాలామంది బాణానికి పెట్టరు. తూటా దెబ్బ అదటుతో పడగొడుతుంది. బాణం అలా కాదు. దాని ములికి లోపలి నరాలను కోసి రక్తం పోయేలా చేస్తుంది. కనుక ములికి మంగలి కత్తిలా ఉండాలి. వెడల్పు ఎంత ఉండాలో కూడా పలు రాష్ట్రాలు నిర్ణయించాయి. ముప్పాతిక అంగుళానికి కొంచెం పైన, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడువంతులు కనీసం ఉండాలన్నది తరచు కనిపించే నిబంధన. తగిలాక రెక్కలు విచ్చుకునే ములుకులు కూడా ఉన్నాయి. అవి విచ్చుకోవడానికి కొంత బలం ఖర్చవుతుంది కనుక తేలిక విల్లు వాడే కొత్తవారికి కదలని రెక్కల ములికే నయం.

బాణం బిరుసు విల్లు బరువుకు తగినట్టుండాలి. మరీ మెత్తని బాణం పాములా వంకర్లు తిరుగుతుంది. మరీ తేలిక బాణం వేస్తే, బాణం లేకుండా నారి వదిలినంత చేటు. 400 గ్రెయిన్లు, అంటే సుమారు 26 గ్రాముల బాణం జింక వేటకు సాధారణం. కార్బన్ బాణాలను వేసే ముందు ప్రతిసారీ కొంచెం వంచి, చెవి దగ్గర పెట్టుకుని, పగులు చప్పుడు ఉందేమో చూసుకోవాలి. పగిలిన బాణం వదిలితే ముక్కలై విల్లు పట్టిన చేతిలోనే దిగుతుంది.

విల్లు, గురిచూసే పిన్నులు, బాణం ఆనే ఆధారం, అమ్ములపొది కలిపి మొదటి సరంజామా నాలుగయిదు వందల డాలర్లలో అక్కడ దొరుకుతుంది. ఖరీదైన విల్లు కొని బాణాల దగ్గర పొదుపు చేసేకంటే, ఓ మోస్తరు విల్లు కొని మంచి బాణాలు, శిక్షణ మీద ఖర్చు చేయడం తెలివైన పని. వేగం కోసం తయారైన విళ్ళలో నారి పిడికి బాగా దగ్గరగా ఉంటుంది. అవి చేతి తప్పును క్షమించవు. ఆరున్నర, ఏడు అంగుళాల దూరం ఉన్నవి కొత్తవారికి అనువు.

ఎప్పుడు వేయకూడదో తెలియాలి

జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు పెద్దది కాదు. ఒక చిన్న పళ్ళెమంత ఉంటుంది. అందుకే అక్కడ సాధనకు ఒక కాగితపు పళ్ళెం పెడతారు. ఏ దూరం నుంచి వేసిన బాణాలన్నీ తప్పకుండా ఆ పళ్ళెంలో పడతాయో ఆ మనిషి వేట దూరం అదే. అది 15 గజాలైతే 15 గజాలే. పది బాణాల్లో ఏడు పడ్డాయని సంతోషించేవాడు మూడు జింకలను గాయపరిచి వదిలేవాడవుతాడు.

మంచి గురికాడికైనా కొంత ప్రమాదం ఉంది. నారి చప్పుడు బాణం కంటే ముందే చేరుతుంది. 30 గజాల దూరంలో బాణం చేరడానికి సెకనులో మూడోవంతు పడుతుంది. చప్పుడు అందులో నాలుగోవంతు కాలంలోనే పోతుంది. బెదిరిన జింక పరుగు తీయడానికి కాళ్ళు వంచి కిందికి కుంగేసరికి బాణం వీపు మీదుగానో, వెన్నులోనో పోతుంది. కనుకనే దగ్గరికి వచ్చిందాకా ఆగాలంటారు. జింక పక్కకు తిరిగి గాని, కొంచెం అవతలికి మళ్ళి గాని నిలబడినప్పుడే వేయాలి. ఎదురుగా చూస్తున్నప్పుడు, పరుగెత్తుతున్నప్పుడు, పొదల చాటున ఉన్నప్పుడు వేయరాదు. చప్పుడు విని బాణం వేసిన దశరథుడి కథ మనకు తెలిసిందే. కంటికి పూర్తిగా కనిపించనిదానిపై బాణం వేయరాదన్న నియమం అక్కడి శిక్షణ తరగతుల్లో కూడా మొదటి పాఠాల్లో ఒకటి.

బాణం తగిలిన వెంటనే వెంటపడటం మరో తప్పు. కనీసం అరగంట కదలకుండా ఉండాలి. నురగతో కూడిన ఎర్రని రక్తం కనిపిస్తే ఊపిరితిత్తులకు తగిలినట్టు. నల్లటి రక్తమైతే కాలేయానికి, పచ్చటి పసరు కనిపిస్తే కడుపులో తగిలినట్టు. అప్పుడు గంటల తరబడి ఆగాలి. తరిమితే ఆ ప్రాణి ఎక్కడో దూరాన పడి బాధతో చచ్చిపోతుంది, ఎవరికీ దొరకదు. విల్లువేటను వ్యతిరేకించేవారు అక్కడ కూడా చూపే ప్రధానమైన అభ్యంతరం ఇదే. మొదటి విల్లు సరిగా ఎంచుకోవాలనడంలో అసలు అర్థం కూడా ఇదే. తప్పు విల్లు ధర కొన్నవాడికి డాలర్లలో పడుతుంది. జింకకు ప్రాణంతో పడుతుంది.

మనుషులకూ ప్రమాదం లేకపోలేదు. మంచె మీదినుంచి పడి కాళ్ళు, నడుములు విరగ్గొట్టుకునేవారు ఏటా ఉంటారు. నేల విడిచింది మొదలు దిగిందాకా ఒంటినంతా పట్టి ఉంచే రక్షణ పట్టీలు కట్టుకోవాలని శిక్షకులు హెచ్చరిస్తారు. కొట్టిన జింకను లెక్క చెప్పి నమోదు చేయించాలి. దాని మాంసాన్ని ఇంట్లో వండుకోవచ్చు, ఇరుగుపొరుగుకు పంచవచ్చు, అమ్మకూడదు.

మన దేశంలో చట్టం వేరు

ఇక ఇక్కడి సంగతి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మొదట్లో కొన్ని జంతువులకు లైసెన్సు వేట ఉండేది. 1991 సవరణతో ఆ లైసెన్సులు కూడా పోయాయి. నేడు చుక్కల దుప్పిని గాని, కణితిని గాని, కృష్ణజింకను గాని తుపాకీతో కొట్టినా, విల్లుతో కొట్టినా, ఉచ్చు పెట్టినా నేరమే. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. కృష్ణజింక చట్టంలో అత్యంత రక్షణ గల మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు, పైన జరిమానా. మాంసం తెచ్చుకున్నవాడు, కొమ్ములు ఇంట్లో దాచుకున్నవాడు కూడా కేసులో ఇరుక్కుంటారు. సరదాగా తీసి పంపిన ఫోటోయే సాక్ష్యంగా నిలిచే రోజులివి.

నల్లమల చెంచులకు విల్లు కులవిద్యవంటిది. అయినా 2006 నాటి అటవీ హక్కుల చట్టం భూమికి, తేనె, చింతపండు వంటి అటవీ ఫలసాయానికి హక్కు ఇచ్చిందేగాని వేటకు ఇవ్వలేదు. అడవిలో పుట్టి పెరిగినవారికే లేని హక్కు మైదానం నుంచి విల్లు కొనుక్కుని వెళ్ళే కుర్రవాడికి ఎక్కడినుంచి వస్తుంది?

జింకల వల్ల రైతుకు నష్టం లేదని కాదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, తెలంగాణలో నారాయణపేట జిల్లా కృష్ణాతీర గ్రామాల్లో కృష్ణజింకల మందలు మొలక దశలోనే పంటను మేసిపోతున్నాయి. ఆ బాధ పడేవాడికే తెలుస్తుంది. అయితే దానికి దారి విల్లు కాదు. నష్టం జరిగిన వెంటనే అటవీశాఖ వారికి, వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా తెలిపి, చేను చూపించి పరిహారానికి దరఖాస్తు పెట్టాలి. ఊరంతా కలిసి పెడితే దానికి విలువ ఎక్కువ.

విల్లు మీద మోజు ఉంటే

విల్లు మీద ముచ్చటపడిన పిల్లలను నిరుత్సాహపరచనవసరం లేదు. గురి పలకకు ప్రాణం లేదు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ పైన చెప్పిన కాంపౌండ్ విల్లుతోనే 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. అదే ప్రాంతానికి చెందిన బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ విల్లుతో 2024 పారిస్ ఒలింపిక్సులో మిశ్రమ జట్టు పోటీలో పాల్గొని, అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని కూడా చేర్చారు.

మన దేశంలో పిల్లలకు మొదటి విల్లు సాధారణంగా వెదురుది. ఇండియన్ రౌండ్ పేరుతో దానికి వేరే పోటీలే ఉన్నాయి. ఖర్చు తక్కువ, పద్ధతి కుదురుతుంది. ఏలుబడి కన్ను, బార కొలత, తేలిక బరువుతో ఆరంభం, బాణం లేకుండా నారి వదలకపోవడం - ఈ నాలుగూ అక్కడి వేటగాడికి ఎంత అవసరమో మన పిల్లవాడికీ అంతే అవసరం. ఇవి తెలిసిన శిక్షకుడి దగ్గర చేర్పించాకే విల్లు కొనాలి. ముందు విల్లు కొని తరువాత గురువును వెతకడం డబ్బు దండగ. ఆసక్తి గలవారు జిల్లా కేంద్రంలోని క్రీడాధికారి కార్యాలయంలో విచారిస్తే దగ్గరలో శిక్షణ ఎక్కడున్నదీ తెలుస్తుంది.